ఆరున్నర అంగుళాలు దాటితే

తెర ఆరున్నర అంగుళాలు దాటిన ఫోన్లన్నీ ఇకమీదట మోటారు వాహనాలేనని ఉత్తర్వు వచ్చిన వారానికి, గంగాభవాని తన ఫోనుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టూ తనకు లైసెన్సూ తెచ్చుకోవడానికి రామన్నపాడు రవాణా కార్యాలయానికి వెళ్ళింది. ఉత్తర్వును తప్పు పట్టడానికేమీ లేదు. అంత తెర చేత పట్టుకుని రోడ్డు మీద పోయే మనిషికి తను ఎటు పోతున్నదీ తెలియదు. తెలియకుండా పోయేదాన్ని బండి అనక ఏమంటారు?

గంగాభవాని జాకెట్లు కుడుతుంది. నలభై దాటగానే చత్వారం వచ్చి, జనం పంపే మెడ డిజైన్లు పాత ఫోనులో చీమల బారులా కనిపించసాగాయి. ఒకావిడ వీపు మీద నెమలి కుట్టమంటే బాతు కుట్టింది. ఆవిడ ఎవరి పెళ్ళికో ఆ బాతుతోనే వెళ్ళొచ్చి, వీధి వీధంతా వినేలా తిట్టిపోసింది. ఆ మర్నాడే గంగాభవాని, కొట్లో ఉన్నవాటిల్లో చవకదీ పెద్దదీ చూసి ఈ ఫోను కొంది. తెర ఆరు పాయింట్ తొమ్మిది. లైసెన్సు రాకపోతే ఆ తెరను కార్యాలయంలోనే ఐదంగుళాలకు కత్తిరించి చేతికిస్తారు. అంటే మళ్ళీ బాతులే.

"బాబూ, కత్తిరించేటప్పుడు లోపలికి కాస్త మడత వదుల్తారా? తరవాత విప్పుకోవచ్చు" అని కౌంటరులో అడిగింది.

"మడత కూడా కొలతలోకే వత్తాదమ్మా" అన్నాడు గుమాస్తా.

దరఖాస్తుతో పాటు రెండు ఫోటోలు, ఆధార్ నకలు, ఒక అడ్డంకి తెచ్చుకోవాలి. అడ్డంకి దగ్గరి బంధువై ఉండాలి. పరాయివాళ్ళను చూడకుండా నడవడం ఎవరికైనా చేతనవుతుంది కనుక దాన్ని పరీక్షగా లెక్కించరు. గంగాభవాని తన భర్త తాతారావును తెచ్చుకుంది. తాతారావు కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఆమె మిషను బాగుచెయ్యడానికి వచ్చి ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. మిషను మాత్రం ఇప్పటికీ బాగవలేదు. అడ్డంకిగా నిలబడాలని తెలిసి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

ముందు ఫోనును పరీక్షించారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు సోమసుందరం కాగితం మధ్యలో గీత గీసి, ఒక పక్క గుణాలు, రెండో పక్క దోషాలు అని రాసుకుని, తెర మీద ఒక బొమ్మను నొక్కాడు. ఫోను అలాగే నిలబడిపోయింది. ఆయన టీ తెప్పించుకుని తాగాడు. అది ఇంకా నిలబడే ఉంది.

"భేషైన బ్రేకులమ్మా. నొక్కిన చోటే ఆగిపోతంది."

"అది హ్యాంగవుతుందండీ."

"మేం దాన్ని హ్యాంగనం" అని ఆయన గుణాల్లో రాశాడు.

హారను చూద్దామని రింగు మోగిస్తే, బయట వెళుతున్న ఇసుక లారీ పక్కకు తప్పుకుని దారిచ్చింది. అదీ గుణమే. మైలేజీ అమోఘం, ఒకసారి చార్జింగు పెడితే మూడు రోజులు. కాకపోతే ఆ పెట్టడానికి ఒక పూట పడుతుంది, అది దోషం. నడుమున దోపుకుంటే చీర జారుతుంది, చేతిసంచిలో పట్టదు, అందుచేత పార్కింగు లేదని రాశాడు. అద్దం వంతు వచ్చింది. అద్దమంటే ముందువైపు కెమెరా. అందులో గంగాభవాని మైదాపిండిలా తెల్లగా, గడ్డం మీద పుట్టుమచ్చ లేకుండా ప్రత్యక్షమైంది.

"ఈవిడెవరు? బండి ఓనరు రాలేదా?"

"నేనేనండీ బాబూ! మా ఆయన్నడగండి."

తాతారావు తెరను చూశాడు, భార్యను చూశాడు, బాగా ఆలోచించి, "ఆయ్, మచ్చున్నావిడే మాదండి" అన్నాడు. యజమానిని గుర్తుపట్టదు, అని మరో దోషం చేరింది. చవక బండ్లన్నిటికీ ఇది మామూలేనని సోమసుందరం ధైర్యం చెప్పాడు.

మిగతావీ కలిపి కూడి చూస్తే గుణాలు ఏడు, దోషాలు ఏడు. సరిసమానంగా వచ్చినప్పుడు నడిపే మనిషిని బట్టి తేల్చాలని నిబంధన. కాబట్టి గంగాభవాని ఎనిమిది వెయ్యాల్సి వచ్చింది.

మైదానంలో సున్నంతో పెద్ద ఎనిమిది గీసి ఉంది. తెర మీద నుంచి చూపు ఎత్తకుండా దాని మీద నడవాలి. ఎత్తితే ఫెయిలు. ఎనిమిది నడుము దగ్గర తాతారావును నిలబెట్టారు. గంగాభవాని చక్కగా నడిచింది. దారిలో పడుకున్న మేకను పాదాలే తప్పించుకున్నాయి. ఇంకా మూడడుగులుందనగా ఎండ దెబ్బకు తాతారావుకు ఎక్కిళ్ళు వచ్చాయి.

"అయ్యో, నీళ్ళు తాగండి! సీసా సంచిలో ఉంది" అని ఆమె తలెత్తింది. ఈల మోగింది.

"మూడే మూడడుగులమ్మా!" సోమసుందరం నిజంగానే బాధపడ్డాడు.

"ఎక్కిళ్ళొచ్చాయి కదండీ."

"వచ్చింది ఆయనకి. నీక్కాదుగా."

పదిహేను రోజుల్లో మళ్ళీ రమ్మన్నారు. అదే ఆఖరి అవకాశం.

తన మూలంగా ఆమె పని పోతుందేమోనని తాతారావు కుమిలిపోయాడు. కుమిలి ఊరుకోలేదు. పూటకో గుప్పెడు పేలపిండి పొడిపొడిగా నోట్లో వేసుకుని, ఎక్కిళ్ళు తెప్పించుకుని, ఆమె ఎదురుగా కూర్చునేవాడు. "భవానీ, నన్ను చూడకు. నెమళ్ళను చూడు" అని ఎక్కిళ్ళ మధ్యనే హెచ్చరించేవాడు. మొదటి రోజు ఆమె ప్రతిసారీ చూసింది. ఐదో రోజుకు చూపు ఫోను అంచు దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. పదో రోజుకు చెయ్యి ఒక్కటే బిందె వైపు కదిలింది. పద్నాలుగో రోజున చెయ్యి కూడా కదల్లేదు. ఆ రోజు తాతారావుకు ఎందుకో ఏడుపొచ్చింది. పరీక్షలో ఏడుపు లేదు గనక మింగేసి, పక్కింటికి వెళ్ళి, "మా భవాని ఇప్పుడు నన్ను అస్సలు చూట్టం లేదండి!" అని చెప్పి వచ్చాడు. వాళ్ళు కూడా చాలా సంతోషించారు.

రెండోసారి పరీక్ష ఇట్టే అయిపోయింది. తాతారావుకు పదకొండు సార్లు ఎక్కిళ్ళు వచ్చాయి. ఆమె చూడలేదు. పన్నెండోసారికి మేక లేచి ఆయన దగ్గరకు వచ్చి నిలబడింది. గంగాభవాని ఎనిమిది పూర్తి చేసి, సోమసుందరం చెయ్యి చాపితే తలెత్తకుండానే కరచాలనం చేసింది. "ఇది కదా నడకంటే!" అని ఆయన ఫోను వీపున ముద్ర వేశాడు. తెర కత్తిరించే బల్ల దగ్గర జాబితాలో అప్పటికే ఎక్కించిన ఆమె పేరు కొట్టేసి, ఫోనును గౌరవంగా అందించారు.

ఇంటికొచ్చి మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నారు. గంగాభవాని కంచం పక్కన ఫోను నిలబెట్టుకుని ఎవరో పంపిన నెమలిని చూస్తోంది. పింఛంలో ఒక్కో కన్నూ విడివిడిగా కనిపిస్తోంది. ఇక ఈ జన్మలో బాతు కుట్టనని ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది.

కందిపొడి అన్నం గొంతుకు అడ్డంపడి తాతారావుకు ఎక్కిళ్ళు వచ్చాయి. ఇవి పేలపిండివి కావు, అసలువి. నీళ్ళ బిందె ఆమె వైపు ఉంది. ఆయన కాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి తన చిన్న ఫోను తీసి, 'ఎక్కిళ్ళు' అని రాసి ఆమెకు పంపాడు.

ఆమెకు వెంటనే కనిపించింది. అంతంత అక్షరాలు కనబడటమే కదా ఆ ఫోను అసలు గుణం. పాపం అనిపించింది. వెతికి వెతికి, అన్నిట్లోకీ అందమైన మంచినీళ్ళ గ్లాసు బొమ్మ ఏరి ఆయనకు పంపింది.

తాతారావు చిన్న తెర మీద గ్లాసు సగమే కనిపించింది. మర్నాడు పొద్దున్నే ఆయన కూడా ఒక పెద్ద ఫోను కొనుక్కుని, రవాణా కార్యాలయంలో దరఖాస్తు తీసుకుని, అడ్డంకి అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో భార్య పేరు రాశాడు.