రెండువందల పన్నెండు సంతకాలు

ఒక పెద్ద అడవిలో, పులి వచ్చినా దరఖాస్తు పట్టుకుని గేటు బయట నిలబడాల్సినంత గొప్ప విశ్వవిద్యాలయం ఉండేది. అందులో జీవరసాయన శాఖ ఒకటి. గడ్డి ఎలా అరుగుతుంది, ఇప్పపువ్వు ఎలా పులుస్తుంది, తేనె ఎందుకు చెడిపోదు, ఇవన్నీ అక్కడ తేల్చాలి. తేల్చడానికి ప్రతి గురువారం సెమినార్ పెట్టేవారు.

సెమినార్‌కి ఒక పద్ధతుంది. ముందు గుమ్మంలో గుమాస్తా ముళ్ళపంది పానకాలు రిజిస్టరు పెట్టుకుని కూర్చుంటాడు. కలం అడిగితే వీపు చూపిస్తాడు. వచ్చినవాళ్ళు ఒక ముల్లు పీక్కుని, సంతకం పెట్టి, ఇప్పపువ్వు ఉండ తీసుకుని, హాల్లోంచి నేరుగా నడిచి వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోతారు. ఇందులో దాపరికం ఏమీ లేదు. వెనక గుమ్మం అందుకే కట్టించారు.

చివరిదాకా కూర్చునేది ఒక్కతే. కణుజు జాతి జింక వకుళమ్మ.

వకుళమ్మది తక్కువ మాట. తొమ్మిదేళ్ళుగా మొదటి ఏడాది పిల్లలకు పాఠం చెబుతోంది, తాత్కాలికంగా. ఏటా ఎండలు ముదరగానే తీసేసేవారు, వానలు పడగానే మళ్ళీ వేసుకునేవారు. పాఠం ఉన్నందుకు కంచె లోపల, వాగు పక్కన ఒక పొద ఇచ్చారు, క్వార్టర్స్ అని. కంచె బయట రేచుకుక్కలు తిరుగుతాయి. వకుళమ్మకి ఒక్కతే కూతురు. దానికి పరుగు ఇంకా సరిగ్గా రాదు.

ఆ వేసవిలో శాఖాధిపతి గోవర్ధనరావు గారు పిలిపించారు. ఆయన ఎలుగుబంటి. ఒక చెయ్యి తేనెపట్టులో ఉంచుకునే మాట్లాడతారు.

"కూర్చో వకుళమ్మా. ఈ ఏడు పాఠం చెప్పే అవకాశం ఒక్కటే ఉంది. దరఖాస్తులు రెండొచ్చాయి."

"రెండోది ఎవరిది సార్?"

"మా మేనల్లుడు పృథ్వీధర్. చురుకైన కుర్రాడు."

వకుళమ్మ చెవులు రెండూ చెరో వైపు తిరిగాయి. "నేను తొమ్మిదేళ్ళ నుంచి చెబుతున్నా సార్."

"అదేనమ్మా చిక్కు. తొమ్మిదేళ్ళు చెప్పినా తాత్కాలికంగానే ఉండిపోయిందంటే ఈవిడలో ఏదో లోపం ఉంది అనుకోరూ పైవాళ్ళు?"

ఉంచింది తమరే కదా అన్న మాట వకుళమ్మ గొంతుదాకా వచ్చింది. మింగేసింది. మింగినదాన్ని ఇంటికెళ్ళి మళ్ళీ పైకి తెచ్చుకుని నమలడం ఆమె జాతికి అలవాటే.

"నాకు ఎవరిమీదా పక్షపాతం లేదు," అన్నారు గోవర్ధనరావు గారు, వేళ్ళు నాక్కుంటూ. "ఇద్దరూ చెరో సెమినార్ ఇవ్వండి. ఎవరికి సంతకాలు ఎక్కువొస్తే పాఠం వాళ్ళది. రూలంటే రూలే."

వకుళమ్మ సెమినార్ మిట్టమధ్యాహ్నం వేశారు, అడవంతా నీళ్ళకు వెళ్ళే వేళ. ఉండలు అయిపోయాయన్నాడు పానకాలు. అన్నాక ఎందుకో తల దించుకున్నాడు.

ఆమె రెండు కుండలు తెచ్చింది. ఒకదాంట్లో ఇప్పపువ్వు ఆ పొద్దున నానేసింది. రెండోదాంట్లో నానేసి మూడు రోజులైంది. ఏమీ చెప్పకుండా ముందు వాసన చూడమంది. తర్వాత బుడగలు చూడమంది. ఒక ముసలి కుందేలు కుండ దగ్గరే బైఠాయించి నాలుగు ప్రశ్నలు వేసింది. వకుళమ్మ మూడింటికి జవాబు చెప్పింది. నాలుగోదానికి, "తెలీదు బాబాయ్. చూసి రేపు చెబుతా," అంది. మర్నాడు వెళ్ళి చెప్పింది కూడా.

వెనక గుమ్మంలోంచి ఒక్కరూ పోలేదు. సంతకాలు పదకొండు.

తర్వాతి గురువారం పృథ్వీధర్ సెమినార్. ఉండల మీద తేనె పోశారు. వరస వాగుదాకా సాగింది. అధ్యక్షులు గనక మొదటి సంతకం గోవర్ధనరావు గారే పెట్టారు, కింద రెండు గీతలు లాగి మరీ. కోతి గంగులు ఆరు పేర్లతో ఆరు సంతకాలు చేసి ఆరు ఉండలు పుచ్చుకున్నాడు. సాయంత్రానికి పానకాలు వీపు నున్నగా అయిపోయింది. మొత్తం రెండువందల పన్నెండు.

హాల్లో ఇద్దరున్నారు. చెప్పే పృథ్వీధర్, వినే వకుళమ్మ.

"నెమరు వేసే జంతువుల కడుపులో రసాయన చర్యలు," అని మొదలుపెట్టాడు పృథ్వీధర్. "కడుపులో మూడు గదులుంటాయి. గడ్డి మూడో గదిలో వేడెక్కి రక్తం అవుతుంది. ధన్యవాదాలు. సందేహాలున్నాయా?"

వకుళమ్మ కాలెత్తింది. "నాకు నాలుగున్నాయి బాబూ."

"నాలుగు సందేహాలే!"

"గదులు."

పృథ్వీధర్ చేతిలో కాగితం తిరగేసి చూశాడు. అటువైపు ఏమీ లేదు. "మీది ప్రత్యేకమైన కేసు మేడమ్. టైమైపోయింది."

ఆ సాయంత్రమే పైకి రిపోర్టు వెళ్ళింది. రెండువందల పన్నెండు మంది రెండు గంటలు కదలకుండా విన్నారని, చాలదు ఇంకా చెప్పమని పట్టుబట్టారని. వకుళమ్మకి పొద ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. వారం గడువు.

వకుళమ్మ ఏడవలేదు. కూతుర్ని వాగు ఒడ్డున పరిగెత్తించడం మొదలుపెట్టింది.

"ఇంకా వేగంగా."

"ఎందుకమ్మా?"

"ఊరికే."

వైస్ ఛాన్సలర్ ఏనుగు గారు చాలా మంచివారు. ఏ కాగితం ఇచ్చినా నమ్మేవారు. రిపోర్టు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాలుగో రోజు గేటుకి ఉత్తర్వు అంటించారు:

"ఇంతటి విద్యాతృష్ణను ఈ అడవి ఎన్నడూ చూసి ఉండలేదు. కావున సదరు సెమినార్‌ను పూర్తి కోర్సుగా గుర్తించడమైనది. సంతకం చేసిన రెండువందల పన్నెండు మందికీ వచ్చే పౌర్ణమికి పరీక్ష. ప్రశ్నలు మేమే ఇస్తాము. తప్పినవారు కంచె బయట ఉండవలెను."

గేటు దగ్గర గగ్గోలు పుట్టింది.

"లోపల ఏం చెప్పాడ్రా వాడు?" అంది అడవిపంది.

"నన్నడుగుతావేం? నీ తోక పట్టుకునేగా బయటికొచ్చా!" అంది దుమ్ములగొండి.

"మీకేం, తలా ఒక్క పరీక్ష," అని గంగులు నెత్తి బాదుకున్నాడు. "నేను ఆరు రాయాలి!"

అందరూ పృథ్వీధర్ గుహకి పరిగెత్తారు. గుమ్మానికి చీటీ ఉంది: "శీతనిద్ర నిమిత్తం సెలవు." బయట ఎండకి బండలు పేలుతున్నాయి.

అప్పుడు ముసలి కుందేలు అంది: "ఆ రోజు వకుళమ్మ లోపలే ఉందిగా."

రెండువందల మందీ పొద ముందు చేరారు. అందరికంటే ముందు గోవర్ధనరావు గారు నిలబడ్డారు. మొదటి సంతకం ఆయనదే మరి.

"వకుళమ్మా, నువ్వు నాకు తోడబుట్టినదానిలాంటిదానివి."

వకుళమ్మ పొదకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"మావాడు ఆ రోజు ఏం చెప్పాడో కాస్త చెబుదూ."

"ఆ అబ్బాయి చెప్పింది రాస్తే తప్పుతారు సార్."

"అయితే అసలుదే నువ్వు చెప్పమ్మా. నీకు కొత్తా?"

వెనక పొదలో కూతురు పరుగు ఆపి రొప్పుతోంది. ఆ రొప్పు వకుళమ్మకి వినిపిస్తోంది. ఇలాంటప్పుడు ఆమె ఎప్పుడూ అనే మాట ఒకటుంది, 'అలాగే సార్' అని. నోటిదాకా వచ్చింది. ఈసారి దాన్ని మింగేసింది.

"కాగితం," అంది.

"ఏ కాగితం?"

"పాఠం నాదని. తాత్కాలికం అన్న ముక్క లేకుండా. పొద కూడా."

"అదెంతసేపు! ముందు నువ్వు పాఠం మొదలుపెట్టు, కాగితం వెనకాల..."

"తొమ్మిదేళ్ళు అలాగే మొదలుపెట్టా సార్."

గోవర్ధనరావు గారు గొంతు సవరించుకున్నారు. "ఇలాంటివి తొందరపడి..."

"పెట్టండి సార్!" అని చెట్టుమీంచి అరిచాడు గంగులు. "మొన్న రెండు గీతలు లాగి మరీ పెట్టారుగా!"

పానకాలు గుంపులోంచి ముందుకొచ్చాడు. ఎవరూ అడక్కుండానే వీపు తిప్పాడు. తోక దగ్గర ఒక్క ముల్లు మిగిలి ఉంది.

గోవర్ధనరావు గారు దాన్ని పీకి సంతకం పెట్టారు. వకుళమ్మ ప్రతి పంక్తీ రెండుసార్లు చదివింది. పొరపాటున నమిలేస్తానేమోనని భయపడి, కూతురికిచ్చి దాచమంది.

అప్పుడు హాలుకి వెళ్ళింది. వెళ్ళగానే వెనక గుమ్మానికి బండ అడ్డం పెట్టించింది. తర్వాత కుండలు తెచ్చింది.

"గోవర్ధనరావు గారూ, లేవండి. నా కడుపులో గదులెన్ని?"

ముందు బెంచీలో ఎలుగుబంటి లేచి నిలబడింది. "మూ..." అని ఆమె మొహం చూసింది. "నాలుగు."

"మొదటి గదిలో ఏం జరుగుతుంది?"

ఆయన పైకప్పు చూశారు, కుండలు చూశారు, చేతిలో తేనెపట్టు లేదని చూసుకున్నారు. "తెలీదమ్మా."

"మంచిది. అక్కణ్ణుంచే మొదలుపెడదాం."

పౌర్ణమికి అందరూ గట్టెక్కారు. గంగులు ఒక్కడే ఆరింట్లో ఒకటి తప్పాడు. ఆ ఆరో పేరుని కంచె బయటికి పంపేశారు.

ఇంతమందిని ప్యాస్ చేయించినందుకు వైస్ ఛాన్సలర్ గారు స్వయంగా గుహకి వెళ్ళి పృథ్వీధర్‌కి ఉత్తమ అధ్యాపకుడని శాలువా కప్పారు. అతను నిద్ర లేవలేదు. ఆ సభకి వకుళమ్మ వెళ్ళలేదు. ఆ వేళకి క్లాసుంది.

నీతి: వినకుండా సంతకం పెట్టకండి, పెట్టించుకోకుండా పాఠం చెప్పకండి.