మూడు ముక్కల దొరసాని

ఆ ఉదయం పుస్తకాల బైండరు పెట్టుకున్న కార్యక్రమం చిన్నదే. కాఫీ తాగాలి, ఉతికిన చొక్కా వేసుకోవాలి, పదకొండింటికి గ్రంథాలయం వెనక గదిలో పుస్తక మిత్రుల మధ్య కూర్చోవాలి. భార్య పోయాక వారం మొత్తంలో "ఏమైనా తిన్నారా?" అని ఎవరైనా అతన్ని అడిగే గంట అదొక్కటే.

ఆ గంటకే ఇప్పుడు గండం వచ్చింది. "మీ అరుపులకి పేపరు చదువుకునేవాళ్లు లేచి వెళ్లిపోతున్నారు. ఇంకోసారి గొంతు పెరిగిందంటే గదికి తాళమే!" అని లైబ్రేరియన్ పోయిన వారం తెగేసి చెప్పాడు.

ఈసారి పుస్తకం ఇండియాకొచ్చిన దొరా దొరసానుల నవల. ఉన్నది ఒకే ప్రతి, అదీ వెన్ను విరిగింది. లైబ్రేరియన్ బాగుచెయ్యమని ఇస్తే, మిగతా ముగ్గురు సభ్యులూ ఒకరి కోసం ఒకరు ఆగకుండా చదువుకుంటారని బైండరు దాన్ని మూడు భాగాలు చేసి, మూడింటికీ ఒకే అట్ట, ఒకే పేరు వేసి, తలా ఒకటి ఇంటికి పంపాడు. నలిగిన అంచులు కోసినప్పుడు పేజీల అంకెలు కూడా తుక్కులో కలిశాయి. పోనీలే, అట్టల మీద ఒకటి, రెండు, మూడు అని చీటీలు అంటిద్దామనుకున్నాడు. చీటీలు రాశాడు కూడా.

"ఒళ్లు మండిపోయిందనుకోండి," అని గదిలో అందరూ కూర్చోగానే మొదలుపెట్టింది రిటైరైన టీచరమ్మ. "ఓడ దిగిన దగ్గర్నుంచీ ఆ దొరసానికి ఇండియాలో అన్నీ వంకలే. నీళ్లకి వంక, మనుషులకి వంక!"

టైలరు కుర్చీ ముందుకు జరిపాడు. "అదేంటండీ టీచరుగారూ! ఆవిడ దేవత. జ్వరాలొచ్చిన ఊళ్లో రోగుల కాళ్లు కడిగింది. మీరు అసలు పుస్తకం తెరిచారా?"

"ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠం చెప్పినదాన్ని. నన్నడుగుతున్నావా తెరిచారా అని?"

"ఒక్క నిమిషం," అంది నర్సు. "దొరసాని ఎక్కడుంది? పోయిందిగా! ఆ ముసలి దొర ఒక్కడే పొయ్యి వెలిగించడం రాక అగ్గిపెట్టె ఖాళీ చేస్తాడు. నాకు ఏడుపొచ్చింది. మీరిద్దరూ ఏ పుస్తకం చదివారో!"

ముగ్గురి గొంతులూ ఒకేసారి లేచాయి. బైండరు తలుపు వైపు చూశాడు. చెమట తుడుచుకుందామని జేబులో చెయ్యి పెడితే రుమాలు బదులు గట్టి కాగితం ముద్ద తగిలింది. అట్టలకి అంటించడం మరిచిపోయిన మూడు చీటీలూ చొక్కాతోపాటు ఉతుకులో పడ్డాయి.

చెబుదామని నోరు తెరిచేలోగా తాళంకప్పతో లైబ్రేరియన్ ప్రత్యక్షమయ్యాడు. "ఈ మాత్రానికి ఇంత రభసా? నేను చదివానుగా ఆ నవల. చివర్లో దొరా దొరసానీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఓడెక్కేస్తారు."

ముగ్గురూ లైబ్రేరియన్ వైపు తిరిగారు.

"చచ్చిపోయిన మనిషి ఓడెలా ఎక్కింది సార్?" అని నర్సు మెల్లగా అడిగింది.

లైబ్రేరియన్ మొహం తెల్లబోయింది. బైండరు చీటీల ముద్ద తీసి బల్ల మీద పెట్టాడు. "తప్పు నాది. మీరు ముగ్గురూ చదివింది ఒకే పుస్తకం, తలో ముక్క."

టీచరమ్మ టైలరు వైపు చూసింది. "అయితే ఆవిడ మారిందన్నమాట."

"పాపం, అంత మారాక చచ్చిపోయిందా!" అన్నాడు టైలరు.

నర్సు తన భాగం బైండరు చేతిలో పెట్టింది. "బాబాయ్, వరస తప్పినా సరే, మీరిది ముందు చదవండి. చివరికి ఆయనకి పొయ్యి వెలిగించడం వస్తుంది. అవునూ, పొద్దున ఏమైనా తిన్నారా?"

బైండరు అబద్ధం ఆడకుండా తల అడ్డంగా ఊపాడు. నర్సు సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసింది.

లైబ్రేరియన్ తాళంకప్ప వెనక దాచుకుని, గొంతు బాగా తగ్గించి, "ఆ మొదటి ముక్క ఇలా ఇవ్వండి. వచ్చే వారం నాకో కుర్చీ ఉంచండి," అన్నాడు.

మరుసటి వారం పేపరు చదువుకునేవాళ్లు మళ్లీ లేచి వెళ్లిపోయారు. అందరికన్నా పెద్దగా వినబడిన గొంతు లైబ్రేరియన్‌దే.