దాతలు ఇచ్చిన మూరెడు ఆకాశం

గొడుగులు తయారు చేసి లోకాన్ని తడవకుండా కాపాడిన పెద్దాయన కన్నుమూసిన తరువాత, ఆయన పేరిట వెలసిన కుటుంబ ధర్మనిధి నేటివరకు అర్హులైన ఒక్కరికి కూడా అన్యాయం చేయలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. అర్హులెవరూ లోపలిగది దాకా చేరలేకపోవడం వేరే సంగతి.

పెద్దాయన వీలునామా తేటతెల్లంగా ఉంది. రాబడిలో సగం కతోలిక సంస్థలకు, సగం ఉన్నత విద్యకు. మొదటి సగం పంచేది కొడుకు, రెండో సగం పంచేది కూతురు. అన్నాచెల్లెళ్ళు ఇద్దరైనా తండ్రి కూర్చున్న తోలుకుర్చీ ఒకటే కావడంతో వాళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. కుర్చీని నిలువునా కోసి పంచడం తన వల్ల కాదని వడ్రంగి చేతులెత్తేశాక, ఆఫీసునే నిలువునా కోశారు. నడిమధ్య చెక్కగోడ లేచింది. ఇటు అన్నగారు, అటు చెల్లెలుగారు, ముందు వసారాలో ఇద్దరికీ సమానంగా వినిపించేలా దగ్గుతూ కార్యదర్శి. ఇంతకీ ఆ కుర్చీ ఏమైందంటారా? ఇద్దరిలో ఎవరూ కూర్చోకుండా చూడడానికి కార్యదర్శి అందులో కూర్చున్నాడు.

ఈ ఆఫీసు మెట్లు ఎక్కింది ప్రిన్సిపాల్ సిస్టర్. మఠకన్యలు నడిపే ఆడపిల్లల కాలేజీకి ఆమె పెద్దదిక్కు. మనిషి పొట్టి, గొంతు గట్టి. గ్రంథాలయం పైకప్పు గురించి మాట్లాడటానికి వచ్చింది. వాన ఎప్పుడొచ్చినా ముందు ఆ గ్రంథాలయంలో కురిసి, ఓపిక మిగిలితే బయట కురిసేది. చరిత్ర పుస్తకాల అరలో పుట్టగొడుగులు మొలిచాయి. వృక్షశాస్త్రం టీచరు ఒక్కతే అందుకు సంతోషించింది.

అన్నగారు ఆమెకు కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి, చెప్పిందంతా విన్నాడు. ఆయన మర్యాదస్తుడు.

"సిస్టర్ గారూ, మీరు చెప్పేది కాలేజీ. కాలేజీ అంటే చదువు. చదువులన్నీ గోడ అవతల."

"మేం మఠంవాళ్ళమే గదా బాబూ?"

"ఆ మాట మాత్రం అక్కడ అనకండి. ఇవ్వదు."

గోడ అవతల చెల్లెలుగారు కూడా కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చింది. పెంపకం ఒకటే కదా.

"ఇవ్వకూడదని కాదు సిస్టర్. మీరేమో మెళ్ళో శిలువ వేసుకుని వచ్చారు. శిలువల సంగతులన్నీ అటువైపు చూస్తారు."

రెంటికీ చెడ్డ రేవడి అనే మాటకు తరగతిలో ఆమెకు ఎప్పుడూ సరైన ఉదాహరణ దొరికేది కాదు. ఆ రోజు మెట్లు దిగుతుంటే దొరికింది.

ఈలోగా తెలివిగలవాళ్ళు ఊరుకున్నారా? అన్నగారి సగంలో కొంత మిగిలిపోతోందని విశ్వవిద్యాలయంలో పొక్కింది. వాణిజ్యశాఖ అధిపతి, దేవుడి సంగతి రిటైరయ్యాక చూద్దామనుకున్న పెద్దమనిషి, రాత్రికి రాత్రే భక్తుడయ్యాడు. జిరాక్సు గది ప్రార్థనాలయమైంది. లాభనష్టాల పాఠానికీ తరుగుదల పాఠానికీ నడుమ గంట మోగసాగింది. విరాళం అందుకున్న సభలో ఆయన, "జమాఖర్చులకు మోకరిల్లడం నేర్పిన మొట్టమొదటి శాఖ మాది!" అని ప్రకటించి కళ్ళు తుడుచుకున్నాడు.

చెల్లెలుగారి సగం మాత్రం ఎందుకు వదలాలి? చర్చి గురువులకు శిక్షణ ఇచ్చే సెమినరీలో పెద్ద ఫాదర్‌గారు అనువర్తిత మౌనశాస్త్ర శాఖను నెలకొల్పారు. ప్రారంభోపన్యాసానికి ప్రిన్సిపాల్ సిస్టర్‌ను కూడా పిలిచారు. ఆచార్యులవారు వేదికెక్కి, గొంతు సవరించుకుని, గంటసేపు ఏమీ మాట్లాడలేదు. ఉపన్యాసం చాలా లోతుగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. చివర్లో ఒక పత్రికా విలేకరి ప్రశ్న అడగబోతే, పరిశోధనకు భంగమని బయటికి పంపించారు. ఇక ఇంజినీరింగ్ కాలేజీవారు రెండు సగాలకూ గురిపెట్టి పాపసంకీర్తనాలు వినే యంత్రాన్ని తయారు చేశారు. చేసిన పాపమంతా ఓపికగా విని, అది "మళ్ళీ ప్రయత్నించండి" అనేది. కుర్రవాళ్ళు బారులు తీరారు.

ధర్మనిధి ఆ మఠం కాలేజీని అసలు పట్టించుకోలేదంటే కళ్ళు పోతాయి. పెద్దాయన వర్ధంతికి కాలేజీ పిల్లలందరికీ తలా ఒక గొడుగు ఉచితంగా వచ్చింది. గొడుగు విప్పితే పెద్దాయన ముఖం, ముడిస్తే ముడతలు పడ్డ పెద్దాయన ముఖం. పిల్లలు గ్రంథాలయంలో గొడుగుల కింద కూర్చుని చదువుకున్నారు. ఎడమచేత్తో గొడుగు, కుడిచేత్తో కలం, పేజీ తిప్పడానికి పక్క పిల్ల. సమష్టి విద్యకు ఇది చక్కని నమూనా అని ఒక పత్రిక సంపాదకీయం రాసింది.

పరీక్షల ముందు ఒక మధ్యాహ్నం, పైకప్పు పెళ్ళ ఒకటి ఊడి చదువుకునే బల్ల మీద పడింది. బల్ల విరిగింది. ఆ చోట కూర్చున్న పిల్ల అప్పుడే నిఘంటువు కోసం అర దగ్గరకు లేచింది. తిరిగి చూసి, నిఘంటువును గుండెకు అదుముకుని నిలబడిపోయింది. వణుకు తగ్గేదాకా సిస్టర్ ఆ పిల్లను పొదివి పట్టుకుంది. తరువాత ఆ పెళ్ళను రెండు చేతులా ఎత్తుకుని, తెల్లటి అంగీ సున్నం కొట్టుకుపోతున్నా లెక్కచేయకుండా, నేరుగా ధర్మనిధి మెట్లెక్కింది. కార్యదర్శి దగ్గడం కూడా మరిచిపోయి దారిచ్చాడు.

పెళ్ళను అన్నగారి బల్ల మీద దబ్బున పడేసింది.

"ఇది మతమా, చదువా? చూసి చెప్పండి బాబూ."

అన్నగారు దాన్ని చూశాడు. వేలితో తాకాడు. ముఖం పాలిపోయింది.

"కింద ఎవరైనా...?"

"లేరు. క్షణం ముందు ఉంది."

మనిషి చెడ్డవాడు కాదు. అయినా నోట వచ్చిన మొదటి ప్రశ్న ఇది.

"మా చెల్లెలికి చూపించారా?"

"అక్కడికే పోతున్నా."

"ఏం, ఆవిడ ఇస్తానందా?"

లేదని చెప్పడానికే సిస్టర్ నోరు తెరిచింది. కానీ గంటసేపు వినివచ్చిన మౌనశాస్త్రం ఎందుకో గుర్తొచ్చింది. తెరిచిన నోరు మూసుకుని, అన్నగారి కళ్ళలోకి సూటిగా చూస్తూ నిలబడింది. ఆ శాఖ పెట్టాక అందులో చదివినదానికి లోకంలో ఏదైనా ఉపయోగం కలగడం అదే మొదలు.

అన్నగారు చెమటలు కక్కాడు. "ఆవిడ ఇవ్వడమేంటి! కప్పు మొత్తం నేనిస్తా! ఏయ్, రాసుకోవయ్యా!" అని కేక పెట్టాడు.

చెక్కగోడ పలుచన. అవతలినుంచి కేక వచ్చింది. "ముందు నేనే ఇస్తున్నా అన్నయ్యా! నువ్వు మధ్యలో దూరకు!"

పెద్దాయన పోయిన తరువాత తోబుట్టువులు ఒకరితో ఒకరు అన్న తొలి మాటలవి. కార్యదర్శి కంట నీరు తిరిగింది. వీళ్ళు కలిసిపోతే తన కుర్చీ గతేమిటన్నది ఆయన బాధ.

ఒక గ్రంథాలయానికి రెండు పైకప్పులు మంజూరయ్యాయి. ఒకదాని మీద ఒకటి వేద్దామని మేస్త్రీ అంటే, కిందిది ఎవరికీ కనబడదు కనుక తమది పైనే ఉండాలని ఇద్దరూ పట్టుబట్టారు. చివరికి సగం సగం అన్నారు. తూర్పు సగం మతానికి, పడమటి సగం చదువుకు. అటు మేస్త్రీ వేరు, ఇటు మేస్త్రీ వేరు, పెంకుల రంగు వేరు. అవతలివాళ్ళ కప్పును మనది తాకితే మనమే రాజీకి వచ్చినట్టని ఇద్దరు యజమానులూ తమ మేస్త్రీలను హెచ్చరించారు. పని అద్భుతంగా జరిగింది. నడుమ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మూరెడు వెడల్పున ఆకాశం మిగిలింది.

"ఈ సందు ఎవరు మూస్తారు?" అని అడిగింది సిస్టర్.

"అది మా సగంలోకి రాదమ్మా," అన్నారు మేస్త్రీలిద్దరూ. ఆ ఒక్క విషయంలో వాళ్ళకు ఏకాభిప్రాయం కుదిరింది.

ప్రారంభోత్సవానికి అన్నగారు తూర్పున, చెల్లెలుగారు పడమట కూర్చున్నారు. ఎవరి పక్షమూ కాకూడదని ఉపకులపతిగారు సరిగ్గా మధ్యలో నిలబడ్డారు. వాన కూడా నిష్పక్షపాతంగా మధ్యలోనే కురిసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, గొంతు పెంచారు.

"మహాజనులారా! విద్యకు ఆకాశమే హద్దని అందరూ అంటారు. ఆ హద్దును పట్టి తెచ్చి గ్రంథాలయంలో పెట్టిన సంస్థ ఇదొక్కటే! ఈ తడి మామూలు తడి కాదు, జ్ఞానపు తడి!"

చప్పట్లతో రెండు కప్పులూ అదిరాయి. కాలేజీలకు శ్రేణులిచ్చే ప్రమాణాల సంఘం వచ్చి, తల పైకెత్తి చూసి, నోట్లో చినుకులు పడుతుండగా కాలేజీకి అత్యున్నత శ్రేణి ప్రకటించింది. ఆ మరుసటి నెలకల్లా పేరున్న కాలేజీలన్నీ గునపాలు కొన్నాయి. కప్పు బాగా ఉన్నవాళ్ళు తలవంపుగా ఉందని నిపుణులను పిలిపించి చిల్లులు పెట్టించుకున్నారు. అన్నాచెల్లెళ్ళు పోటీపడి చిల్లులకు విరాళాలిచ్చారు.

ప్రిన్సిపాల్ సిస్టర్‌కు మాత్రం ఆ శ్రేణి ఒంటబట్టలేదు. పిల్లలు రెండు గోడల వైపుకూ బల్లలు జరుపుకుని, నడుమ కాలువ దాటుతూ చదువుకోవడం ఆమె చూడలేకపోయింది. ఎవర్నీ అడగడం ఇక అనవసరమనుకుంది. తోటి సిస్టర్లు తలా కొంత వేసుకుని ఇచ్చిన డబ్బుతో పొడవాటి ఇనపరేకు కొనుక్కొచ్చింది. అంగీ నడుముకు దోపి, మేకులు పళ్ళమధ్య పెట్టుకుని, సుత్తితో తనే నిచ్చెన ఎక్కింది. కింద పిల్లలు రేకు అందిస్తూ కేరింతలు కొట్టారు. చాన్నాళ్ళ తరువాత ఆమెకు పాట పాడాలనిపించింది. నోట్లో మేకులున్నాయి కనుక ఆగింది.

మొదటి మేకు దిగేలోపే గేటు దగ్గర గోల మొదలైంది. కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులు. పరుగెత్తుకుంటూ వచ్చి నిచ్చెన చుట్టూ మూగారు.

"దిగండి సిస్టర్! ఏం చేస్తున్నారో తెలుస్తోందా మీకు?"

ఆమె మేకులు అరచేతిలోకి ఉమ్మింది. "పిల్లలు తడుస్తున్నారయ్యా!"

"తడవనివ్వండి! మేం అంతంత ఫీజులు కట్టి చేర్పించింది ఆ సందు చూసే కదా! మూసేస్తే ఇది మామూలు కాలేజీ అయిపోదా? రేపు మా పిల్లల ముఖం ఎవరు చూస్తారు?"

రేకు పట్టుకున్న పిల్లలు ఆశగా సిస్టర్ వైపు చూశారు. సిస్టర్ కిందనున్న ముఖాల వైపు చూసింది. అన్నగారినీ చెల్లెలుగారినీ ఒక్క మౌనంతో లొంగదీసిన ఆమెకు ఇక్కడ ఏ మౌనమూ పనిచేయలేదు, ఎందుకంటే అరుస్తున్నవాళ్ళకు అది వినిపించలేదు. మెల్లగా ఒక్కో మెట్టే దిగింది.

అన్నట్టు, ఆ గుంపులో అందరికంటే ముందు నిలబడి, అందరికంటే గట్టిగా అరిచింది మీరే కదూ? ఇప్పుడు గొంతు ఎలా ఉంది?