రక్తకందుక విజయము

ఉదయభానుండు మేడల వెనుక ఇంకను ఒళ్లు విరుచుకొనుచుండగా, బడి ఆవరణలోని ఉయ్యాల గొలుసులు శత్రుదుర్గ ద్వారములవలె కిర్రుమనుచుండగా, దిగులే దినచర్యగా గల ఒకానొక మాతృమూర్తి, ప్రశ్నాస్త్రధారిణియగు తన నాలుగేండ్ల కూతురిని చేయిపట్టి నడిపించుకొని ప్రతిభాపరీక్షా రణరంగమునకు విచ్చేసెను.

ఆ బాలిక సామాన్యురాలా? మందుసీసా మీది చీమతలకాయంత అక్షరములను గడగడ చదివి, "కాలేయం ఎక్కడుంటుందమ్మా?" అని సంధించి, పదవతరగతితోనే అస్త్రసన్యాసము గావించిన తల్లిని నిత్యము నిరాయుధను జేయు అరివీరభయంకరి. ఆ తల్లి అమ్ములపొదిలో సమాధానములు నిండుకొన్నవి. కావుననే ఏడాది ముందుగా బిడ్డను బడిలో వేయవలెనని పంతము. నేటి పరీక్ష తప్పినచో బడి మరల వచ్చే యేడే.

"ఏడాదాగితే కొంపలేం మునగవే," అని అత్తగారు గడపలోనే వ్యతిరేక శంఖము పూరించియుండిరి.

లోపల కళ్లజోడు టీచరమ్మ ఎర్రబంతిని ఎత్తి చూపెను. "ఇది ఏం రంగు తల్లీ?"

మౌనము.

"పోనీ, నీ పేరేంటి?"

మహామౌనము. తలుపు అద్దమునకు ముక్కు ఆనించిన తల్లికి పైప్రాణములు పైనే పోయెను. పొద్దున త్రాగించిన చన్నీళ్లకు గొంతు పట్టివేసెనో, జన్మలో ఇక మాటే రాదో!

టీచరమ్మ తలుపు తీసెను. "పాప అసలు మాట్లాడదా అమ్మా?"

"మాట్లాడదా? దీని నోరు మూయించలేక చస్తున్నామండీ."

అంతట ఆ మౌనవ్రతధారిణి నోరు విప్పెను. "అమ్మా, ఈవిడ మనకి తెలిసినావిడేనా?"

తల్లి నెత్తిన పిడుగు పడెను. తెలియనివాళ్లు ఏమడిగినా పలకవద్దని సందుసందునా, మలుపుమలుపునా తాను చెక్కిన శిలాశాసనమే నేడు అడ్డుగోడయై నిలిచినది! అవునన్నచో అబద్ధము. కాదన్నచో ఏడాది బూడిదపాలు.

అప్పుడు, పక్కింటివారిని పలకరించుటకే పదిమార్లు జంకు ఆ భయశీల, కొంగు బిగించి, పరాయి మనిషి ఎదుట సమరసన్నద్ధయై నిలిచి ఇట్లనెను: "టీచరుగారూ, మీకు... పిల్లలెందరండీ?"

"ఇద్దరమ్మా. చిన్నోడు ముద్ద మింగడు, బుగ్గలో పెట్టుకు కూర్చుంటాడు."

"అయ్యో, మాదీ అంతేనండీ. కథ చెప్తే గానీ మింగదు."

"కథ అయిపోతే?"

"మళ్లీ మొదట్నించీ అండీ."

ఇరువురు వీరమాతలును ఒక్కసారిగా నిట్టూర్చిరి. అనంతరము తల్లి బిడ్డవైపు తిరిగి, "తెలిసినావిడే," అని నిజమే పలికెను.

"ఎరుపు," అనెను బాలిక. "కింద కొంచెం మాసింది. కడగాలి."

టీచరమ్మ బంతిని తిప్పి చూచుకొనెను. మాసియే యున్నది. బాలిక జవాబుల గాలికి తక్కిన ప్రశ్నలన్నియు ఎండుటాకులవలె రాలిపోయెను. "సోమవారం నుంచి పంపించండమ్మా."

తిరుగుదారిలో ఆ ప్రశ్నాస్త్రధారిణి విల్లు మరల వంగెను. "ఎరుపని ఆవిడకి తెలీదా అమ్మా? తెలిస్తే నన్నెందుకడిగింది?"

తల్లి, చాలాకాలమునకు, హాయిగా ఊపిరి విడిచెను. "సోమవారం ఆవిడ్నే అడుగు."

సకలలోకులారా, వినుడు! ఎర్రబంతి ఎర్రనిదేయని నేడు నిర్ద్వంద్వముగా రుజువయ్యెను. ఒక్క ప్రశ్న ఒక తల్లి నెత్తి దిగి బడి నెత్తి కెక్కెను.