రామలక్ష్మమ్మ ఫారిన్ వాచీ

ఆ ఆదివారం పొద్దున తిరుపాల్ పెట్టుకున్న పనులు మూడే. భార్య చేతికి వాచీ కట్టడం, ఆ సంతోషంలో ఆమె వేసే దోసెలు నాలుగు తినడం, మళ్లీ పడుకోవడం. పెనుకొండలో గవర్నమెంటు గుమాస్తాకు ఆదివారం మీద అంతకంటే పెద్ద ఆశలు ఉండవు.

అది 2008. బస్టాండు ఎదురుగా కొత్తగా నెట్ సెంటర్ తెరిచారు. ఆఫీసు అయ్యాక తిరుపాల్ అక్కడ కూర్చుని, లోకంలో ఎవరెవరు ఏమేం అమ్ముకుంటున్నారో చూసి ఇంటికి వచ్చేవాడు. అట్లా చూస్తుండగా బెంగళూరులో ఎవరో అమ్మకానికి పెట్టిన పాతకాలపు ఆడవాళ్ల వాచీ ఒకటి కనబడింది. పావలా బిళ్లంత ముఖం, బంగారు రంగు, రోజూ కీ ఇచ్చుకోవాల్సిన రకం. అచ్చం అమ్మ వాచీలాగే ఉంది. మూడు వందలే అనేసరికి ఇంక ఆలోచించలేదు, పోస్టులో తెప్పించేశాడు.

అమ్మ వాచీ అంటే ఆ ఇంట్లో చిన్న విషయం కాదు. బొంబాయిలో పనిచేసిన అన్న తెచ్చిన ఫారిన్ వాచీ అని రామలక్ష్మమ్మ తోడికోడళ్లందరికీ చూపించి మురిసిన వాచీ అది. కొడుకు పెళ్లిలో దాన్ని తీసి కోడలు పుష్ప చేతికి కట్టింది. తర్వాత ఐదేళ్లకు, వాళ్లు ధర్మవరంలో కాపురం ఉన్నప్పుడు, రైల్వే స్టేషన్ రద్దీలో ఎవడో దాన్ని కొట్టేశాడు. పుష్ప అట్లాగని చెప్పింది. తిరుపాల్ రైల్వే పోలీసులకు కంప్లైంటు ఇచ్చాడు. రామలక్ష్మమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అది మొదలు పద్నాలుగేళ్లుగా ఎవరి చేతికి వాచీ కనబడినా "వాని చేతులు పడిపోనూ" అని దొంగను తిట్టనిదే ఆమెకు తోచదు.

ఆ దొంగను పుష్ప రోజూ అద్దంలో చూస్తూనే ఉంది. కీ ఇచ్చినావా, గిన్నెలు తోమేముందు తీసినావా, ఎన్ని నిమిషాలు వెనకబడింది అని అత్త పూటకు మూడుసార్లు అడుగుతుంటే, ఐదేళ్లు ఓర్చుకుని, ఒకనాడు ప్రాణం విసిగి, హిందూపురంలో మార్కండేయులు వాచీల అంగట్లో దాన్ని ఇచ్చేసింది. బదులుగా ఒక గోడగడియారం తీసుకుని అగళిలో పుట్టింటి గోడకు తగిలించింది. ఇందులో ఘోరమేమిటంటే, వియ్యంకుల ఇంటికి పోయినప్పుడల్లా రామలక్ష్మమ్మ ఆ గడియారాన్నే మెచ్చుకునేది. ఈ సంగతి అత్తకు తెలిస్తే మెట్టినింట్లో మళ్లీ తలెత్తుకుని తిరగడం ఎట్లాగో పుష్పకు తెలియదు.

కాబట్టి తిరుపాల్ పొట్లం విప్పగానే ఆమె చేతిలోని అట్లకాడ జారి కిందపడింది. మొగుడు దాన్ని ఆనందం అనుకున్నాడు.

అంతలో వెనకనుంచి రామలక్ష్మమ్మ కేక పెట్టింది. "రేయ్, ఇది నాదేరా! నాలుగంకె పక్కన గీత చూడు. నా వాచీనే!"

తిరుపాల్ దోసెలు, నిద్ర రెండూ మరిచిపోయాడు. "అంటే దొంగ సరుకు తిరిగి తిరిగి మనింటికే వచ్చిందన్నమాట! అమ్మా, నువ్వు రిపేరుకు మార్కండేయులు దగ్గరికే గదా పోతాంటివి? వాచీ విప్పినోళ్లు మూత లోపల గుర్తు గీకుతారు. ఆయన గుర్తుంటే ఇది మనదే. పైగా ఈ చుట్టుపక్కల పాత వాచీలు కొనేది ఆయప్ప ఒక్కడే, ఎవరి దగ్గర ఏం కొన్నాడో, ఎవరికేం అమ్మినాడో అంతా పుస్తకంలో రాస్తాడు. దొంగ పేరు ఆడనే ఉండాది!"

పుష్ప పాలిపోయిన ముఖం దాచుకోవడానికి అట్లకాడ తీసే నెపంతో వంగింది. విచిత్రంగా రామలక్ష్మమ్మ ముఖం కూడా పాలిపోయింది.

"పుస్తకం గొడవ మనకేలరా?" అంది ఆమె గొంతు తగ్గించి. "ఇది నాది గాదేమోలే. నాది ఇంకొంచెం ఎర్రగా ఉండె."

"అవునండీ, అది ఇంత చిన్నది గాదు," అంది పుష్ప.

"మీరిద్దరూ పోలీసులంటే భయపడతాండారు," అని తిరుపాల్ నవ్వి, ఆనాడు ధర్మవరంలో కంప్లైంటు రాసుకున్న ఏసుదాసుకు ఫోన్ చేశాడు. ఏసుదాసు హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై రెండేళ్లయింది. సర్వీసులో ఆయన పట్టుకోలేకపోయిన దొంగలు చాలామందే ఉన్నారు గానీ, ఒక్కడైనా ఇట్లా తనంతట తాను ఎదురొస్తాడని ఆయన అనుకోలేదు. "ప్యాసింజరుకు నేను ధర్మవరంలో ఎక్కుతా, మీరు పెనుకొండలో ఎక్కండి. వాచీని ఎవరూ తాకద్దండి, వేలిముద్రలుంటాయి," అన్నాడు. అప్పటికే దాన్ని ముగ్గురు తాకారు. పక్కింటి యల్లక్క వచ్చి నాలుగో మనిషైంది.

"దీని మీద ఏందో రాసుండాదే?" అంది యల్లక్క.

"పదిహేడు జ్యూయల్స్. అంటే లోపల పదిహేడు కెంపులుంటాయి," అన్నాడు తిరుపాల్. అతను చెప్పింది నిజమే. ఆ నిజం యల్లక్క నోట్లో పడి వీధి చివరికి చేరేసరికి కెంపుల పక్కన వజ్రాలు కూడా చేరాయి. గంటలో ఇంటిముందు పదిమంది నిలబడ్డారు. వాచీ చూడటానికి కొందరు, తమ ఇంట్లో పోయినవాటి సంగతి చెప్పుకోవడానికి కొందరు. "ఎట్లాగూ పోతాండావు గదప్పా, పోయిన మా రెండు గొర్రెల సంగతీ ఆ పోలీసాయన చెవిన వెయ్యి," అన్నాడు ఒక ముసలాయన.

అత్తా కోడళ్లు మాత్రం చీరలు మార్చుకుని చెప్పులు వేసుకున్నారు. మీరెందుకని తిరుపాల్ అడిగితే, హిందూపురం చూసి చాలా రోజులైందని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

రైల్లో తిరుపాల్, ఏసుదాసు తలుపు దగ్గర నిలబడి, దొంగను ఎటునుంచి చుట్టుముట్టాలో మాట్లాడుకున్నారు. ఆడవాళ్లిద్దరూ లోపల కిటికీ దగ్గర కూర్చున్నారు. చాకర్లపల్లి స్టేషన్ దాటాక రామలక్ష్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పుష్పా, నీకొక మాట చెప్తా. వానికి చెప్పొద్దు."

"ఏమత్తా?"

"ఆ వాచీ మా అన్న తెచ్చింది గాదు. ఆయప్ప బొంబాయి నుంచి ఒట్టి చేతుల్తో వచ్చె. నా తోడికోడండ్లకు పుట్టింటోళ్లు ఏమేమో పెడతాండ్రి. నాకు సిగ్గయి, చేలో పండిన చెనిక్కాయలు ఇంట్లో గుట్టుగా అమ్ముకోని, మార్కండేయులు అంగట్లో పాతది కొనుక్కుంటి. ఆ పుస్తకంలో నా పేరుంటాది. పోలీసాయన నలుగురి ముందర చదివితే నేనేం గావాల?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పుష్ప ఇన్నేళ్లలో అత్తను భయపడగా చూడలేదు. జాలేసింది. ఆ జాలిలోనే నోరు జారింది.

"అత్తా, ఆ పుస్తకంలో నా పేరూ ఉంటాది."

రామలక్ష్మమ్మకు విషయం ఎక్కడానికి మాలుగూరు స్టేషన్ దాకా పట్టింది. "అంటే, దొంగ..."

"నేనే."

"పద్నాలుగేండ్లు నేను తిట్టిందంతా?"

"నన్నే అత్తా."

"ముందే చెప్పుండచ్చు గదే పిచ్చిదానా! కొంచెం తక్కువ తిట్టేదాన్ని." అంతలో ఇంకోటి గుర్తొచ్చింది. "అయితే అగళిలో ఆ గోడగడియారం?"

పుష్ప తల వంచుకుని అవునంది.

"మంచి టైమిస్తాదిలే," అంది రామలక్ష్మమ్మ.

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఏం నగుతాండారని ఏసుదాసు తలుపు దగ్గరనుంచి అడిగాడు. హిందూపురం వచ్చేలోగా వాళ్లు ఒక ఉపాయం ఆలోచించారు. అంగట్లోకి ముందు అత్త పోవాలి, పుస్తకం తియ్యద్దని మార్కండేయులుకు కన్ను గీటాలి.

"నేను గీటుతాలే అత్తా."

"నువ్వు గీటితే బాగుండదు. నేను గీటితే ఎవరూ పట్టించుకోరు."

మార్కండేయులుకు డెబ్భై దాటాయి. అద్దాల పెట్టె వెనక, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. రామలక్ష్మమ్మ గబగబా ముందుకు పోయి కన్ను గీటింది. ఆయన భూతద్దం తీసి, "కంట్లో ఏమన్నా పడిందా తల్లీ?" అన్నాడు.

తిరుపాల్ వాచీ పెట్టెమీద పెట్టాడు. ఏసుదాసు లాఠీ లేని చేతిని నడుముకు ఆనించి నిలబడ్డాడు. మార్కండేయులు చిన్న కత్తితో మూత లేపి, లోపల తిప్పి తిప్పి చూశాడు. 

"మూడు గుర్తులుండాయి," అన్నాడు మార్కండేయులు చివరికి. "ఒకటీ నాది గాదు. నేను విప్పిన వాచీకి 'మా' అని గీకకుండా మూత మూయను. ఇది మీ అమ్మ వాచీ గాదప్పా. ఆ కాలంలో ఇట్లాంటివి పదిండ్లకు ఒకటి ఉండె."

"నాలుగంకె పక్కన గీతో?"

"గీతలు పడని పాత వాచీ యాడుంటాదప్పా?"

"ఖరీదు చేస్తాదా?" అన్నాడు ఏసుదాసు ఆశ వదలకుండా. "కెంపులుండాయంట గదా."

"పదిహేడూ ఉండాయి. ఫ్యాక్టరీలో చేసిన రాళ్లు సామీ, అన్నీ కలిపి ఒక కాఫీకి రావు. బంగారు గూడా పైపూతే. మొత్తానికి ఎనభై రూపాయలు. కీ బాగుండాది గాబట్టి వంద."

తిరుపాల్ ముఖం వాడిపోయింది. ఏసుదాసు మాత్రం బల్ల మీదికి వంగాడు. "ఇది గాకపోతే పోనీ. అసలు వాచీ 94లో పోయింది. ఆ సంవత్సరం పుస్తకం తియ్యండి, ఎవరమ్మినారో చూద్దాం."

అత్త చేయి కోడలి చేతిని గట్టిగా పట్టుకుంది.

"యాడ పుస్తకాలు సామీ?" అన్నాడు మార్కండేయులు. "చెదలు పట్టి, ఎనిమిదేండ్ల కిందటే అన్నీ నీళ్ల పొయ్యిలోకి పోయినాయి."

అత్తా కోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాచీ తమది కాదు. పుస్తకం అసలే లేదు. రైల్లో ఇంకో అరగంట నోరు మూసుకుని కూర్చునుంటే రెండు గుట్లూ ఎక్కడివక్కడే ఉండేవి. రామలక్ష్మమ్మ నుదురు కొట్టుకోబోయి ఆగింది. పుష్పకు మాత్రం బాధ అనిపించలేదు. పద్నాలుగేళ్ల బరువు దిగిపోయి, పొద్దున తినని దోసెలన్నీ ఇప్పుడు తినాలన్నంత ఆకలి వేసింది.

"దొంగ దొరకలేదమ్మా," అన్నాడు తిరుపాల్ అంగడి మెట్లు దిగుతూ.

"పోనీలేరా, పాపం. ఏం విసుగొచ్చి తీసినారో. యాడున్నా చల్లగుండనీ."

తిరుపాల్ ఆగి, తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరం లేదు.

సాయంత్రం పెనుకొండలో వీధి మలుపు తిరగగానే యల్లక్క ఎదురొచ్చింది. ఆమె వెనక ఇంకో ఐదుగురు ఉన్నారు. వాచీ రామలక్ష్మమ్మ చేతికి ఉంది. రైల్లోనే పుష్ప దాన్ని అత్తకు కట్టింది. కీ మాత్రం నువ్వే ఇచ్చుకోవాలని షరతు పెట్టింది.

"ఏమక్కా, ఎంత చేస్తాదంట?" అంది యల్లక్క.

రామలక్ష్మమ్మ కొంగు సర్దుకుని, వాచీ అందరికీ కనబడేట్టు చెయ్యి పైకెత్తింది. "దీనికి ఖరీదు కట్టడం మా చేత గాదన్నాడే మార్కండేయులు. ఫారిన్‌ది గదా. ఏం పుష్పా?"

పుష్ప రెప్ప వేయకుండా అవునని తలూపింది. రామలక్ష్మమ్మ ఫారిన్ వాచీకి ఈసారి సాక్షి కూడా దొరికింది.