పాస్టరయ్య ఇంట్లో తొట్టెల

శనివారం పొద్దున పాస్టర్ కరుణాకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, ఊళ్ళో ఇంటింటికీ తిరగాలి, మరునాడు చర్చిలో జరిగే క్రిస్మస్ విందుకు రమ్మని కార్డులివ్వాలి. మల్లాపూర్ దగ్గరి ఆ పల్లెకు అతను వచ్చాక రెండు క్రిస్మస్‌లు గడిచాయి. రెండింటికీ కార్డులు పంచాడు. ఊరివాళ్ళు వాటిని రెండు చేతులతో అందుకుని, బొమ్మ బాగుందని మెచ్చుకుని, దేవుని పటాల పక్కన పెట్టుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఈసారి కూడా కుర్చీలు ఖాళీగా కనిపిస్తే చర్చిని కోరుట్ల చర్చిలో కలిపేస్తానని జగిత్యాల పెద్ద పాస్టర్ మనోహర్ గారు తేల్చి చెప్పారు. ఆదివారం స్వయంగా వచ్చి చూస్తానన్నారు కూడా.

కార్డుల కట్టతో గడప దాటుతుంటే అద్దె ఇంటి యజమానురాలు లింగవ్వ అడ్డం వచ్చింది.

"మల్ల గవేనా? కాయితం ఇస్తే ఎవలస్తరయ్యా? బొట్టు వెట్టి పిలిస్తేనే పిలిచినట్టు. ఉట్టిగ పోతే మాకేం ఇజ్జత్ ఉంటది?"

"మేం బొట్టు పెట్టం గద లింగవ్వా."

"మీరు వెట్టకుండ్రి. చెయ్యి నాది, పిలుపు మీది. మీ ఇంటామె విజయమ్మ ఊర్లె లేకపాయె. ఇంటి మనిషి లెక్క నేను తిరిగస్త."

దేవుని మాట చెప్పబోయేవాడు ముందు ఊరి మర్యాద నేర్చుకోవాలని కరుణాకర్‌కు శిక్షణలో చెప్పారు. రెండేళ్ళుగా తను ఊరికి చెప్పడమే గానీ ఊరు చెప్పింది వినలేదని అతనికి అప్పుడు తోచింది. సిగ్గుపడి సరేనన్నాడు. యేసయ్య పుట్టిన పండుగ అని చెప్పమన్నాడు.

లింగవ్వ కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది. మొదటి ఇంట్లోనే "పుట్టిన పండుగంటే ఏం జేస్తరు?" అని అడిగారు. ఆ సంగతి ఆమెకూ తెలియదు. అయితే మగపిల్లవాడు పుట్టిన ఇంట్లో ఊరిని పిలిచి, బిడ్డను ఉయ్యాలలో వేసి పేరు పెట్టే వేడుక మాత్రం బాగా తెలుసు.

"ఏం జేస్తరు? తొట్టెల జేస్తరు" అంది ధీమాగా. రెండో ఇంటి నుంచి ఇక ఆ ప్రశ్న రానివ్వలేదు. "రేపు పాస్టరయ్య ఇంట్ల తొట్టెల, చర్చిల జేస్తుండ్రు, అందరు రాండ్రి" అంటూ బొట్లు పెట్టుకుంటూ పోయింది.

ఊరు వెంటనే లెక్క కట్టింది. కరుణాకర్ భార్య విజయ నెలరోజులుగా సిరిసిల్లలో తల్లిగారింట్లో ఉంది. కాలు విరిగిన తల్లిని చూసుకోవడానికి వెళ్ళింది పాపం. కానీ తల్లిగారింటికి పోయిన కోడలి పేరు మీద తొట్టెల పిలుపు వస్తే ఎవరు మాత్రం కాళ్ళ గురించి ఆలోచిస్తారు?

"పోయిననాడు సన్నగనే ఉండె గద!" అంది ఎదురింటి వజ్రమ్మ.

"కొందరికి కడుపు కానరాదు" అని తీర్పు చెప్పాడు లింగవ్వ మొగుడు కిష్టయ్య.

పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు కలిగిన బిడ్డ అని ఊరంతా మనసారా సంబరపడింది. హనుమంతరావు దొర తన మనవలందరూ ఊగిన టేకు తొట్టెలను దుమ్ము దులిపించి చర్చికి పంపాడు.

ఆదివారం పొద్దున విజయ బస్సు దిగింది. ఆమె చేతుల్లో తువ్వాలు చుట్టిన మూట ఉంది. క్రిస్మస్ పాకలో పెట్టడానికి కొన్న మట్టి బాలయేసు బొమ్మ పగలకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

"మొఖం కప్పు బిడ్డా, గాలి తాకుతది!" అని అరుస్తూ వజ్రమ్మ పరుగెత్తుకొచ్చింది. ఒకామె సంచి లాక్కుంది. ఇంకొకామె "పచ్చి బాలెంతవు, నడువద్దు" అని నేరుగా చర్చికి పోయే ఆటో ఎక్కించింది. విజయ నోరు తెరిచిన ప్రతిసారీ "మాట్లాడకు, తలకాయ నొస్తది" అన్నారు.

చర్చి నిండా జనాన్ని చూసి కరుణాకర్ కళ్ళు చెమర్చాయి. తర్వాత తొట్టెల కనబడింది. దాని చుట్టూ పిల్లల చొక్కాలు, దోమతెరలు, కాళ్ళ కడియాలు గుట్టగా పడి ఉన్నాయి.

"గివన్ని ఎవలికి?" అన్నాడు.

"ఎవలికంటవేంది? నీ కొడుక్కే!" అన్నాడు కిష్టయ్య.

అతను విజయ కోసం చుట్టూ చూశాడు. సరిగ్గా అప్పుడే మనోహర్ గారి కారు వచ్చి ఆగింది. సరిగ్గా అప్పుడే వజ్రమ్మ విజయ చేతిలోని మూట అందుకుని తువ్వాలు విప్పింది. లోపల మట్టి బొమ్మ.

"గిదేంది కరుణాకర్?" తొట్టెల కబురు బయటే విన్న మనోహర్ గారి గొంతు గుమ్మం నుంచే ఉరిమింది. "అబద్ధం చెప్పి జనాన్ని పోగేసినవా?"

చర్చి చెయ్యి జారినట్టేనని కరుణాకర్‌కు అర్థమైంది. దానికన్నా ఎదురుగా చిన్నబోయిన ముఖాలు చూడటమే కష్టంగా ఉంది. తను పిలిచింది యేసయ్య పుట్టిన పండుగకని చెప్పి ఊరికి చేతులు జోడించాడు. "తప్పయింది. మీ సామాన్లు మీరు తీస్కపోండ్రి" అన్నాడు.

"ఏం తప్పు?" లింగవ్వ కొంగు దోపుకుని ముందుకొచ్చింది. "పిల్లగాడు పుట్టిండు, పుట్టిండని రెండేండ్ల సంది నువ్వే చెప్పవడ్తివి. పుట్టినోనికి తొట్టెల వెయ్యొద్దా? కృష్ణాష్టమికి చిన్ని కృష్ణున్ని ఊపుతలేమా? ఆయన్ని మేమేమన్న కన్నమా?" అని మనోహర్ గారి వైపు తిరిగింది. "పెద్దమనిషివి అచ్చినవు. గీ పిల్లగాని పేరేంది, ఎట్ల పుట్టిండో నువ్వే చెప్పు. పేరు చెప్పకుంట తొట్టెల ఎట్ల ఊపుతం?"

మనోహర్ గారు మందలించబోయి ఆగిపోయారు. ఇన్నేళ్ళ సేవలో వినండి అని ఆయన జనాన్ని బతిమాలడమే గానీ, చెప్పు అని జనం ఆయన్ని గదమాయించడం ఇదే మొదటిసారి. మెల్లగా వచ్చి తొట్టెల పక్కన నిలబడ్డారు. నిండు గర్భిణి ఊళ్ళో చోటు దొరకక పశువుల పాకలో ఈ బిడ్డను కన్నదని చెబుతుంటే వజ్రమ్మ ముక్కు చీదింది.

"బాలెంతకు ఇంత జాగ ఇయ్యలేదా? గదేం ఊరయ్యా!"

ఆడవాళ్ళు జోలపాట అందుకున్నారు. పెద్ద పాస్టర్ గారే తొట్టెల తాడు పట్టి ఊపారు. పదిమందికని వండిన బగార అన్నం చాలక, ఎవరింటి గిన్నెలు వాళ్ళు తెచ్చి మళ్ళీ ఎసరు పెట్టారు. కడుపు నిండా తిని కారెక్కుతూ మనోహర్ గారు "కోరుట్లల కలుపుడు ముచ్చట బంద్" అన్నారు.

సాయంత్రం కానుకల గుట్ట ముందు కూలబడి కరుణాకర్ తల పట్టుకున్నాడు. "రేపు ఇంటింటికి తిరిగి వాపస్ ఇయ్యాలె."

విజయ అరచేయంత చొక్కా ఒకటి మడత పెడుతోంది. "ఉండనియ్యిండ్రి. ఎండకాలం ఎల్లినంక మనకే అక్కెరకస్తయి. సిరిసిల్ల డాక్టరమ్మ చెప్పింది. పొద్దటి సంది చెప్దామంటే నన్ను ఎవలు మాట్లాడనిచ్చిండ్రు?"

కరుణాకర్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

ఖాళీ గిన్నె కోసం వచ్చిన లింగవ్వ గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"నేను అబద్ధం చెప్పలే" అంది. "జర ముందుగాల చెప్పిన, గంతే."