ఆళ్లగడ్డలో హవాయి ఉప్మా

ఉప్మాలో అనాసపండు ముక్కలు వేసే ఆడపిల్లలకు ప్రభుత్వం బిరుదులు ఇవ్వాలి!

నవ్వకండి. సరదాకు అనడం లేదు. బాగా ఆలోచించి, ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు, ఖాళీ కడుపుతో రాస్తున్నాను.

మామూలు ఉప్మాలో ఏముంది, మీరే చెప్పండి. రవ్వ, నీళ్ళు, ఉప్పు. కాస్త అల్లం, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక తాలింపు. అది తిన్నవాడికి ఏం జ్ఞానం వచ్చింది? ఏ దేశం పేరు తెలిసింది?

అదే వారపత్రికలో మహిళల పేజీ తిప్పండి. బీట్‌రూట్ తురిమితే రష్యన్ ఉప్మా. టొమాటో సాసు పోస్తే ఇటాలియన్ ఉప్మా. సేమ్యా కలిపి సోయా సాసు చిలకరిస్తే చైనీస్ ఉప్మా. మా నంద్యాలకు టీవీ ఎప్పుడొస్తుందో తెలియదు కాని, ప్రపంచం మాత్రం అప్పుడే పళ్ళెంలోకి వచ్చేసింది. అట్లాసు కొనే ఖర్చు తప్పలేదా?

ఇక చుట్టాల సంగతి. మహానంది పక్కనే ఉండటం వల్ల మా ఊరివాళ్ళకు శివుడి దయతో పాటు చుట్టాల దయ కూడా ఎక్కువ. దర్శనం గంటలో అయిపోతుంది. బస మాత్రం నాలుగు రోజులు. కిందటి శివరాత్రికి వచ్చిన మా కడప చుట్టాలకు మా ఆవిడ మొదటి రోజు ఉదయమే కోకో పొడి కలిపిన చాక్లెట్ ఉప్మా పెట్టింది. వాళ్ళు మహానందికి వెళ్ళి, అక్కడి నుంచి అటే కడప బస్సెక్కారు. సామాను తర్వాత పార్సిల్‌లో పంపించాం.

భక్తి కూడా పెరుగుతుంది. మా వీధి చివర ఉండే మరియమ్మ టీచరు క్రిస్మస్‌కు ఉప్మాను గుండ్రటి గిన్నెలో అదిమి, బోర్లించి, పైన క్రీము పూసి కేకు చేసింది. ఆమె భర్త మత్తయిని ఎట్లుందని అడిగాను.

"ప్రార్థన చేసుకొని తింటినన్నా. ఏం కాలేదు" అన్నాడు.

ఇవన్నీ చిన్న చిన్న లాభాలు. అసలు లాభం వేరే ఉంది. నేర పరిశోధన!

పెళ్ళిచూపుల్లో పళ్ళేలు ముందు పెట్టి ప్రతి తల్లీ చెప్పే వాక్యం ఒకటే: "అంతా మా పాపే చేసింది." చేసింది తల్లి అని అందరికీ తెలుసు. తెలిసే తింటారు. తిని మెచ్చుకుంటారు. మామూలు ఉప్మా ఈ అబద్ధానికి పూర్తిగా సహకరిస్తుంది. తల్లి చేసినా, పిన్ని చేసినా, పక్కింటావిడ చేసినా ఒకేలా ఉంటుంది. దాని మీద వేలిముద్రలు పడవు.

ఈ నేరాన్ని ఛేదించడానికి ఒంటరిగా పోరాడిన మనిషి మా ఎదురింటి నరసింహమ్మ. కరెంటాఫీసులో గుమాస్తాగా ఉన్న కొడుకు పార్థసారథికి సంబంధాలు చూస్తూ, ఎక్కడికి వెళ్ళినా రెండు ముద్దలు తిని, పెళ్ళికూతురిని ఒకే ప్రశ్న అడిగేది.

"గ్లాసు రవ్వకు ఎసరు ఎంత పోసినావమ్మా?"

ఒకమ్మాయి "సరిపడా" అంది. ఒకమ్మాయి "అమ్మ చెప్పినంత" అంది. మూడో అమ్మాయి ఏడ్చింది. నరసింహమ్మ మూడు చోట్లా మంచినీళ్ళు తాగి లేచి వచ్చేసింది. పార్థసారథికి ముప్పై దగ్గర పడ్డాయి.

నాలుగో ఇల్లు ఆళ్లగడ్డలో నా చెల్లెలు రంగనాయకమ్మది. నేనే కుదిర్చాను. ఇందులో నాకు స్వార్థం ఏమీ లేదని మనవి.

మా బావ కృష్ణస్వామి అక్కడ హైస్కూల్లో తెలుగు పండితుడు. కూతురు పుండరీకవల్లికి ఇరవై నాలుగు. ఒక సంబంధం పిల్ల పొడుగని పోయింది. ఇంకొకటి పిల్ల ఎక్కువ మాట్లాడుతుందని పోయింది. దానితో బావకు భయం పట్టుకుంది. ఇది కూడా తప్పితే పాములపాడు సంబంధానికి సరేనంటానని అక్కడికి కబురు పంపేశాడు. పాములపాడు పెళ్ళికొడుక్కి ఇది రెండో పెళ్ళి.

"ఆయన కూతురు నాకంటే మూడేండ్లే చిన్న మామా" అంది పుండరీకవల్లి నాతో. ఏడవలేదు. ఊరికే చెప్పింది.

అలాంటి పిల్ల, పెళ్ళిచూపులకు వారం ముందు నాకో ఉత్తరం రాసింది. నంద్యాల నుంచి వచ్చేటప్పుడు డబ్బాలో వచ్చే అనాసపండు, బేకరీలో దొరికే చెర్రీ పండ్లు తెమ్మంది. తెచ్చాను. ఆమె చదివిన వంటల పేజీలు కూడా మా ఇంటి నుంచి నేను కట్టకట్టి పంపిన పాత వారపత్రికలవే. నేరంలో నా పాత్ర అంతే.

ఆ ఉదయం నా చెల్లెలు తెల్లవారకముందే మామూలు ఉప్మా చేసి, వంటింటి తలుపు దగ్గర కాపలా కూర్చుంది. పుండరీకవల్లి పెరట్లో కిరసనాయిలు స్టవ్ వెలిగించింది. అనాసపండు డబ్బా తెరిచే పరికరం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. కొబ్బరికాయలు కొట్టే కత్తితో డబ్బా తల పగలగొట్టింది.

ఆ చప్పుడుకు నా చెల్లెలు పెరట్లోకి వచ్చింది. "ఏందే అది?"

"హవాయి ఉప్మా."

"హవాయి అంటే చెప్పులు గదనే?"

"దేశం మా. సముద్రం నడిమధ్యలో ఉంది."

"సముద్రంలో ఉండేదాన్ని మన పెరట్లోకి యాల తెస్తివే? ఆ గిన్నె గాని వాళ్ళ ముందర పెట్టినావంటే ఈ బావిలో దూకుతా. ఇంగో మాట. ఎసరు ఎంత అని అడుగుతాదంట ఆయమ్మ. చెప్పినా గదా? ఇంగోసారి చెప్పు."

పుండరీకవల్లి చెప్పింది. నేను డబ్బా వాసన చూస్తూ వినలేదు.

పది గంటలకు నరసింహమ్మ, ఆమె ఇంటాయన, పార్థసారథి బస్సు దిగారు. పళ్ళేలు వచ్చాయి. తలుపు చాటు నుంచి నా చెల్లెలు ఆ వాక్యం చెప్పింది. "అంతా మా పాపే చేసింది."

నరసింహమ్మ రెండు ముద్దలు తింది. చేయి ఆపింది.

"బాగుంది. గ్లాసు రవ్వకు ఎసరు ఎంత పోసినావమ్మా?"

తలుపు చాటు నుంచి నా చెల్లెలి వేళ్ళు ఏదో లెక్క చూపిస్తున్నాయి. మా బావ కళ్ళు మూసుకున్నాడు. పుండరీకవల్లికి జవాబు తెలుసు. వల్లె వేసింది. చెబితే నంద్యాల. చెప్పకపోతే పాములపాడు.

"ఇది నేను చేయలేదండి" అంది. "మా యమ్మ చేసింది. నేను చేసింది పెరట్లో ఉంది."

లోపల ఒక చెంబు కింద పడింది.

"తీసుకరా" అంది నరసింహమ్మ.

వచ్చింది. పసుపు పచ్చగా, గోపురంలా బోర్లించిన ఉప్మా. చుట్టూ చక్రాల్లా అనాసపండు ముక్కలు. శిఖరం మీద ఎర్రటి చెర్రీ పండు. మా బావ ఒక కన్ను తెరిచి, చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

"దీనికి ఎసరు?"

పుండరీకవల్లి నీళ్ళెంత, డబ్బాలో రసమెంత, విడివిడిగా చెప్పింది. ఆ లెక్క నాకు గుర్తు లేదు. నేను నరసింహమ్మ ముఖమే చూస్తున్నాను.

"ఉప్పు?"

"నీళ్ళ మటుకే లెక్కేసి వేసినా. రసానికి వేయలేదు."

"తిని చూసినావా?"

"చూసినా."

"ఎట్లుంది?"

"మొదటిసారి బాగలేదు. ఇది నాలుగోసారి."

నరసింహమ్మ ఒక ముద్ద తింది. ఇంకొకటి తింది. పళ్ళెం ఖాళీ చేసింది. చివర్లో చెర్రీ పండు తీసుకొని, కాసేపు వేళ్ళ మధ్య తిప్పి, నోట్లో వేసుకుంది. అప్పటిదాకా నోరు తెరవని పార్థసారథి, "ఇంకొంచెం ఉందా?" అన్నాడు.

"ముహూర్తం పెట్టించండన్నా" అంది నరసింహమ్మ మా బావతో.

వైశాఖంలో అహోబిలంలో పెళ్ళి జరిగింది. చూశారా? మామూలు ఉప్మా అబద్ధం చెప్పించింది. హవాయి ఉప్మా నిజం చెప్పించి, పిల్లను కాపాడింది. బిరుదు ఇవ్వాలంటే తప్పా?

వ్యాసం ఇక్కడితో ముగించవచ్చు. కాని ఖాళీ కడుపుతో రాస్తున్నానని మొదట్లోనే చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఉదయం ఎదురింటి నుంచి మా ఇంటికి ఒక మూత గిన్నె వచ్చేది. నరసింహమ్మ చేతి మామూలు ఉప్మా. నెయ్యి కనపడీ కనపడనట్టు, రవ్వ పలుకు పలుకుగా, అల్లం ఉన్నచోట ఉలిక్కిపడేట్టు. మా ఇంటి నుంచి వారపత్రిక వెళ్ళేది. ఆ రోజు మా ఆవిడ పొయ్యే వెలిగించేది కాదు. నరసింహమ్మకు వయసవుతోంది కదా, నా మేనకోడలు ఆ ఇంటికి వెళ్తే ఆ చేతి వంట నేర్చుకుంటుంది, గిన్నె ఇంకో ఇరవై ఏళ్ళు నడుస్తుంది అనుకున్నాను. స్వార్థం లేదన్నాను కదా. ఇంతే ఉంది.

పెళ్ళయ్యాక మొదటి ఆదివారం గిన్నె వచ్చింది. మూత తీశాను. అనాసపండు. రెండో వారం బీట్‌రూట్. మూడో వారం చాక్లెట్. మా ఆవిడ మాత్రం అడుగున ముక్క మిగల్చకుండా తినేది. ఎనిమిదో వారం, అంటే కిందటి ఆదివారం, నేను వీధి దాటాను.

నరసింహమ్మ వసారాలో కళ్ళద్దాలు పెట్టుకొని మా వారపత్రిక చదువుతోంది. మహిళల పేజీ. పక్కన పుండరీకవల్లి జీడిపప్పు విడదీస్తోంది.

"అక్కా, ఒక్క వారం మీ చేతి ఉప్మా తినాలని ఉంది."

"ఏ ఉప్మా అప్పా?"

"మీదే. ఇరవై ఏండ్లుగా పంపిస్తాంటిరే."

"ఓ, అదా." ఆమె పేజీ తిప్పింది. "అది నాకు ఎప్పుడూ పడదప్పా."

"ఏందీ?"

"మా అత్తకు కావాలంటే చేస్తి. ఇంటాయనకు కావాలంటే చేస్తి. నీకు గిన్నెలో పంపిస్తి. మీరంతా బాగుందంటిరి. నరసింహమ్మా, నువ్వేం తింటివి అని ఒకరన్నా అడిగితిరా? ఆదివారం పూట చద్దన్నంలో మజ్జిగ పోసుకొని తింటాంటి. ఈ పాప వచ్చినాక అడిగింది. అత్తా, నీకు ఏం వేసి చేయమంటావ్ అని. ముప్పై ఏండ్లలో మొదటిసారి."

పుండరీకవల్లి తల ఎత్తలేదు. జీడిపప్పు మీద శ్రద్ధ ఎక్కువైంది.

"అంత కావాలంటే నువ్వే చేసుకోరాదా? అదేమన్నా హవాయినా?" అంది నరసింహమ్మ. కళ్ళద్దాలు తీసింది. "ఇరవై ఏండ్లు తింటివి గదా. గ్లాసు రవ్వకు ఎసరు ఎంత పోయాలనో చెప్పు చూద్దాం."

ఎండ ముఖం మీద కొడుతోంది. అత్తాకోడళ్ళు ఇద్దరూ నన్నే చూస్తున్నారు. నాకు నరసింహమ్మ పెళ్ళిచూపుల్లో చూసొచ్చిన మొదటి అమ్మాయి గుర్తొచ్చింది. పాపం, ఆమె మీద మా ఇంట్లో ఎంత నవ్వుకున్నాం!

"సరిపడా" అన్నాను.

నరసింహమ్మ మంచినీళ్ళు తాగి, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఇవాళ ఉదయం ఏడున్నరకు గిన్నె మళ్ళీ వచ్చింది. చేతికి బరువుగానే ఉంది, వేడిగా మాత్రం లేదు. మూత తీశాను. లోపల ఒక గ్లాసు పచ్చి రవ్వ. పైన ఒక చెర్రీ పండు.